కోస్గి ఫైలులో నలభై ఒక్క పేర్లు

జాహేదా వాళ్ల నాయన యాకూబ్ ఉర్దూ కాతిబు, అందంగా రాసిపెట్టడమే వృత్తి. పెళ్లి రుక్కాలు, దుకాణాల బోర్డులు, సమాధి రాళ్ల మీద పేర్లు, ఏది రాసినా కలం ఒక్కసారే పెట్టేవాడు. కొట్టేసి మళ్లీ రాయడమన్నది ఆయన చేతికి తెలియదు. మహబూబ్‌నగర్‌కు ఆఫ్‌సెట్ ప్రెస్సులు, వాటి వెనకే కంప్యూటర్లు వచ్చాక ఆ కలానికి పని లేకుండా పోయింది. కూతురు మాత్రం తెలుగు టైపు లోయరు పాసై, క్లాక్ టవర్ వెనక గల్లీలో అమరేందర్ పెట్టిన డీటీపీ సెంటర్లో ఆపరేటరుగా చేరింది. అది తొంభై అయిదులో. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. పెళ్లయిన రెండేళ్లకే తలాఖయి పుట్టింటికి వచ్చేసింది. ఆ మాట ఎవరైనా తీస్తే లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చేది, అంతే.

ఆ రోజుల్లో కంప్యూటరుకు తెలుగు నిజంగా వచ్చేది కాదు. లోపల ఉండేదంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. తెలుగు ఫాంటు పైన ముసుగులా వేస్తేనే అవి తెలుగులా కనిపించేవి. ఫాంటు తీసేస్తే పేజీ అంతా పిచ్చి గీతల్లా ఉండేది. ఆ పిచ్చి గీతల్నే జాహేదా గడగడా చదివేది. ఏ మీట నొక్కితే ఏ ఒత్తు పడుతుందో ఆమె వేళ్లకు అంతగా అలవాటు. అమరేందర్ దీన్ని గిరాకీల ముందు గారడీలా చూపించి నవ్వించేవాడు. ఆ గారడీ ఒకనాడు ఇంత అవసరం పడుతుందని ఆమెకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

తొంభై ఏడు దసరా వెళ్లిన వారానికి రామచంద్రయ్య అనే పెద్దమనిషి దుకాణానికి వచ్చాడు. సొంతూరు నల్లగొండ జిల్లా రామన్నపేట, మగ్గం నేసే ఇంటి మనిషి. తపాలాలో ఉద్యోగం దొరికి కోస్గి వైపు వచ్చి, ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఉత్తరాలు మోసి, రిటైరయి అక్కడే ఉండిపోయాడు. ఆ ఊళ్లల్లో వాన పడితే పంట, లేకుంటే వలస. మేస్త్రీలు వచ్చి లారీల్లో జనాన్ని ఎక్కించుకుని, ఎక్కడెక్కడో కాలువలు తవ్వే చోట దింపేవాళ్లు. ఏ ఇంటికి ఉత్తరం వస్తుందో, ఏ ఇంటికి రావడం ఆగిపోయిందో పోస్ట్‌మాన్ కంటే ముందు ఎవరికి తెలుస్తుంది? ఆగిపోయిన ఇళ్లను ఆయన మనసులోనే లెక్క పెట్టుకుంటూ వచ్చాడు. రిటైరయ్యాక ఆ ఇళ్లకు మళ్లీ నడిచి, పోయినవాడి పేరు, వయసు, ఏ మేస్త్రీ తీసుకుపోయాడు, ఆఖరి కబురు ఎప్పుడు అని అడిగి చీటీల మీద రాసుకొచ్చాడు.

"బిడ్డా, గీ పేర్లు జర వరసగ టైపు చేసి పెడ్తవా? కలెక్టరాఫీసుల ఇయ్యాలె," అన్నాడు.

అప్పటినుంచి నెలకు రెండుమూడు సార్లు చీటీలతో వచ్చేవాడు. ఆమె టైపు చేసి చదివి వినిపించేది. తప్పులేమీ లేవని తేలగానే ఆయన చీటీని నాలుగు ముక్కలు చేసి బయట మోరీలో వేసేవాడు. ఎందుకు సార్ చింపుతారని ఆమె ఒకసారి అడిగింది. "గీ కాగితం నా చేతిరాతతోని ఒక్క మేస్త్రీ కంట్ల పడితే గా ఇంటోళ్లను బతకనియ్యడు. చీటీ ఉంచనని మాటిచ్చిన," అన్నాడాయన. జాబితా పూర్తయ్యేదాకా అచ్చు కూడా వద్దన్నాడు. అలా ఆ మనుషులకు ఉన్న ఏకైక ఆనవాలు అమరేందర్ కంప్యూటర్లో చేరింది.

జాబితాలో చివరి గడి ఒకటి ఉండేది. అందులో రెండే మాటలు. చనిపోయినట్టు రుజువైతే 'మరణం', లేకపోతే 'కబురు లేదు'. నూటికి తొంభై 'కబురు లేదు'లే. ఆ మాట టైపు చేసీ చేసీ ఆమె వేళ్లు కళ్లతో పనిలేకుండా దాన్ని కొట్టేవి.

మండలానికొక ఫైలు పెట్టింది జాహేదా. వచ్చిన చీటీని బట్టి ఈరోజు కోస్గి ఫైలులో నాలుగు పేర్లు, రేపు మద్దూరు ఫైలులో రెండు కలిపేది. మధ్యలో పెళ్లికార్డులు, బడి ప్రశ్నపత్రాలు, కరపత్రాలు. ఫిబ్రవరి వరకు ఉన్న నూటా తొంభై పేర్లను ఒక ఫ్లాపీలోకి ఎక్కించింది. తరవాత పెళ్లిళ్ల కాలం వచ్చిపడింది. దుకాణంలో ఉన్న ఫ్లాపీలన్నీ ప్రెస్సుకూ దుకాణానికీ మధ్య తిరుగుతున్నాయి. కాపీ చేయాలి చేయాలి అనుకుంటూనే మార్చి, ఏప్రిల్ గడిచాయి. పేర్లు మూడు వందల నలభై అయ్యాయి.

మే నెలలో, వచ్చే శుక్రవారం వలస కూలీల గురించి అధికారులు మహబూబ్‌నగర్‌లో కూర్చుని వింటారని కబురు తెలిసింది. ఆనాటికి జాబితా అచ్చయి చేతిలో ఉండాలి. శనివారం పొద్దున జాహేదా ఫైళ్లన్నీ ఒకచోట పేర్చబోతే కంప్యూటరు మొరాయించింది. కోస్గి ఫైలు తెరవడానికే అయిదు నిమిషాలు. దాచబోతే జాగా లేదంది.

అమరేందర్ ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాద్‌లో రఘుపతికి ఫోన్ చేయించాడు. ఆ కంప్యూటర్ బిగించి ఇచ్చినవాడు రఘుపతే. జాహేదా మాట్లాడింది. హార్డ్ డిస్కు ఒక్కటే అయినా దాన్ని రెండు వాటాల ఇల్లులా విడగొట్టానని అతను గుర్తు చేశాడు. సి అనే వాటాలో కంప్యూటరు నడవడానికి కావలసిన సామాను, డి అనే వాటాలో ఆమె పని. డి నిండిపోయింది, సి సగం ఖాళీ. అయితే డిస్కును సర్దే డీఫ్రాగ్ అనే ప్రోగ్రాము నడిపితే సామాను తనంతట తాను అటు సర్దుకుంటుందా అని ఆమె అడిగింది. అమరేందర్ అలాగే అనుకుంటున్నాడు మరి.

"గట్ల కాదు జాహేదమ్మా. ఒక వాటాల సామాను ఇంకో వాటాలకు అది పంపదు. ఫోల్డర్లను ముట్టుకోదు. ఫోల్డరంటే పైన రాసుకున్న పేరే. కింద డిస్కు మీద ఫైలు ఒక్కకాడ ఉండదు. రోజింత కలిపినవు గద, ఖాళీ దొరికినకాడల్ల ముక్క ముక్క పడ్డది. డీఫ్రాగ్ ఆ వాటాల ఉన్న ముక్కలను తెచ్చి ఒక్కకాడ వరసగ పెడ్తది. ముందుగాల నువ్వే పాత ఫోల్డర్లు సి ల వేసుకొని డి ఖాళీ చెయ్యి. గప్పుడు డీఫ్రాగ్ పెట్టు. కాపీ తీసుకున్నంకనే, యాదుంచుకో," అన్నాడు.

పాత పెళ్లికార్డుల ఫోల్డర్లు ఒక్కొక్కటి సి లోకి పంపడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. కాపీ మాట ఆమె మరిచిపోలేదు. ఫ్లాపీల పెట్టె తీసి చూసింది. ఫిబ్రవరి నాటి పేర్ల ఫ్లాపీ ఇంట్లో దాచింది, పెట్టెలో ఉన్నవి నాలుగు. రెండు బూజు పట్టి తెరుచుకోలేదు, రెండింట్లో సాయంత్రం ప్రెస్సుకు వెళ్లాల్సిన కార్డులున్నాయి. కొత్తవి తెప్పించమని అడుగుదామంటే అమరేందర్ భోజనానికి వెళ్లాడు. పక్కన సి వాటాలో ఇంకా జాగా ఉంది కదా, ఫైళ్లను అందులోకైనా ఒకసారి కాపీ చేద్దామన్న ఆలోచన రావలసింది. తోచలేదు. తరవాత ఎన్నో నెలలు ఆమె తనను తాను తిట్టుకున్నది దీనికే. పది నిమిషాల పని, ఖర్చు లేని పని.

ఒంటిగంటకు డీఫ్రాగ్ మొదలుపెట్టింది. తెర నిండా చిన్న చిన్న రంగు గళ్లు. ఒక్కో గడి ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతోంది. నాలుగింటికి అరవై రెండు శాతమయింది. అప్పుడు కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ రెండుసార్లు కుయ్యిమంది. ఆపు అనే గడి మీదికి బాణం జరిపేలోగా తెర నల్లబడింది. బ్యాటరీ చచ్చిపోయి నెల దాటిందని అందరికీ తెలుసు.

గంట తరవాత కరెంటు వచ్చింది. కంప్యూటరు తెర నీలంగా వెలిగి డిస్కును పరీక్షించడం మొదలెట్టింది. ఎవరివో తెలియని తెగిన ముక్కలు దొరికాయి, తీసెయ్యాలా, ఫైళ్లుగా దాచాలా అని అడిగింది. తీసెయ్యమని చెప్పు, తొందరగా అయితది అన్నాడు అమరేందర్. సాయంత్రం కార్డుల వాళ్లు వచ్చి కూర్చున్నారు. జాహేదా జవాబివ్వకుండా దాచమని నొక్కింది. ఆ రోజంతటిలో ఆమె చేసిన సరైన పని అదొక్కటే.

డి వాటాలో ఫోల్డరు ఉంది. పేరూ ఉంది. లోపల మండలాల ఫైళ్లూ వాటి పేర్లతో ఉన్నాయి. మద్దూరు ఫైలు బాగానే తెరుచుకుంది. కోస్గి ఫైలు తెరిస్తే మొదటి రెండు పేజీలు సరిగ్గా ఉన్నాయి. మూడో పేజీలో ఒకతని పేరు, వయసు ముప్పై నాలుగు, ఆ పక్కన 'సుముహూర్తమున మా ద్వితీయ పుత్రిక' అని ఎవరిదో పెళ్లికార్డు. ఆ కింద విందు ఎక్కడో, పందిరి ఎక్కడో. ఆ తరవాత ఏమీ లేదు. బురఖా వేసుకుని, రేపు ఆదివారమైనా వస్తానని మాత్రం చెప్పి ఇంటికి పోయింది. అమ్మ అమీరున్నీసా ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

మర్నాడు పొద్దున రామచంద్రయ్య ప్రూఫు చూసుకుందామని ఉత్సాహంగా వచ్చాడు. ఆమె దాచకుండా చెప్పింది. కరెంటు మీదికో రఘుపతి మీదికో నెట్టలేదు. నేను కాపీ తియ్యలేదు సార్ అంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "ఎంతమంది పోయిండ్రు బిడ్డా?" అన్నాడు చివరికి. చచ్చిపోయినవాళ్ల గురించి అడిగినట్టే ఉంది ఆ గొంతు.

ఎంతమందో తేల్చడానికి ఆ పగలంతా పట్టింది. దాచిన ముక్కలు నూటా పన్నెండున్నాయి, పేర్లు లేవు, ఉత్త నంబర్లు. ఒక్కొక్కటీ తెరిస్తే పిచ్చి గీతలు. అందులో ఏది పెళ్లికార్డో, ఏది ప్రశ్నపత్రమో, ఏది మనిషో ఫాంటు వేయకుండానే జాహేదా చూసి చెప్పేది. మనిషైతే ఆపి చదివేది. రామచంద్రయ్య పక్కన కూర్చుని వరస నంబరు ముందు గీత గీసేవాడు. ఆయనకు అన్నం, ఆమెకు చాయ అమరేందరే తెప్పించి పెట్టాడు. తీసెయ్యమన్నందుకు సిగ్గుపడుతున్నాడు కాబోలు. సాయంత్రానికి ఫ్లాపీలో ఉన్నవీ, ఫైళ్లలో మిగిలినవీ, ముక్కల్లో దొరికినవీ కలిపి రెండు వందల తొంభై తొమ్మిది. నలభై ఒక్క నంబర్లు ఖాళీ. దాదాపు అన్నీ కోస్గి ఫైలువే.

ఏ ఊళ్లో ఏ ఇంటివాళ్లో రామచంద్రయ్యకు చాలావరకు గుర్తున్నాయి. అన్నీ తను తిరిగిన బాటలే. వయసులు, తారీఖులు, మేస్త్రీల పేర్లు గుర్తులేవు. మళ్లీ వెళ్లి అడగాలి. నేనూ వస్తానంది జాహేదా. నీకెందుకు బిడ్డా ఎండల అన్నాడు. చెప్పినవాళ్ల ముఖం చూసి మళ్లీ చెప్పమని అడిగే పని సార్ ఒక్కరి మీద వేయడం ఆమెకు మనసొప్పలేదు.

సోమవారం, మంగళవారం, బుధవారం కోస్గి బస్సెక్కి దిగి ఊళ్లు తిరిగారు. కొందరు విసుక్కున్నారు. మొదటిసారి చెప్పింది ఏం చేసినవు పోస్టయ్యా అని ఒక ముసలాయన తలుపేసుకున్నాడు. ఒకావిడ పేరు చెప్పి, వయసు చెప్పబోయి, కొడుకు ముఖం సరిగ్గా గుర్తు రావడం లేదని ఏడ్చింది. జాహేదా ప్రతిచోటా తప్పు నాదేనని చెప్పింది. కంప్యూటరు, డిస్కు అంటే వాళ్లకేం తెలుస్తుంది? నా చేతిల పోయింది అనేది, అంతే.

బుధవారం మధ్యాహ్నం కోస్గికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. ఊరి చివర ఈదమ్మ ఇల్లు. ఆమె మొగుడు భిక్షపతి నాలుగేళ్ల కింద కాలువ పనికి కర్ణాటక వైపు వెళ్లి మళ్లీ రాలేదు. అరుగు మీద అత్త బాలనర్సమ్మ కూర్చుని ఉంది. చూపు మందగించిన మనిషి. పోస్టయ్య గొంతు వినగానే ఉత్తరమొచ్చిందా అని అడిగింది. లేదవ్వా అన్నాడు రామచంద్రయ్య. ఆయన ముసలామె దగ్గరే కూర్చున్నాడు. ఈదమ్మ జాహేదాను పెరట్లోకి తీసుకుపోయింది.

ఈదమ్మ పేరు చెప్పింది, వయసు చెప్పింది, మేస్త్రీ పేరు చెప్పింది. జాహేదా కాగితం మీద రాసుకుంటూ, ఆఖరి కబురు ఎప్పుడొచ్చిందక్కా అని అడిగింది. ఈదమ్మ అరుగు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"పోయినసారి పోస్టయ్యకు అబద్ధం చెప్పిన చెల్లె," అంది. "పోయినంక రెండో ఏడు, వానకాలంల, మేస్త్రీ మనిషొకడు వచ్చిండు. అంగీ తెచ్చిండు గాయినది. మట్టి పెళ్ల మీద పడ్డదంట. ఆడనే పూడ్చిండ్రంట. అత్త నిద్రల ఉండె. అంగీ నేనే కుట్టిన, నాకు ఎర్కలేదా? పొయ్యిల పెట్టిన."

జాహేదా మెల్లగా, మరి మరణం అని రాయనా అక్కా అని అడిగింది.

"రాయకు. ముసల్ది కొడుకొస్తడనే బువ్వ తింటున్నది. ఊర్లె ఒక్కలకు తెల్సినా రేపటికి ఆమె చెవుల పడ్తది. కబురు లేదనే రాయి."

బస్సులో జాహేదా ఆ సంగతి రామచంద్రయ్యకు చెప్పింది. చెప్పకుండా ఉండలేకపోయింది. ఆయన కలత పడ్డాడు. మరణమని రాసిన పేర్లనే అధికారులు ముందుగా తీస్తారు, కబురు లేనివాళ్లను పోలీసులు వెతకాలంటారు, ఈదమ్మకు ఏ కాగితం పుట్టాలన్నా ఆ మాట పడాల్సిందే అన్నాడు. మేస్త్రీ చేసింది అలాగే మట్టిలో కలిసిపోవాలా అన్నాడు. ఆయన మాటలో తప్పులేదు. జాహేదా కిటికీలోంచి చూస్తూ వింది. గురువారం టైపు చేయడానికి కూర్చున్నప్పుడు భిక్షపతి పేరు దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి 'కబురు లేదు' అనే కొట్టింది. అంతకు ముందు ఎన్నివందల సార్లో కొట్టిన మాట, ఆ ఒక్కసారి ప్రతి మీటా చూసి కొట్టింది. రామచంద్రయ్య పక్కనే ఉండి తరవాతి పేరు అందించాడు.

నలభై ఒక్క పేర్లలో ముప్పై నాలుగు దొరికాయి. ఏడు దొరకలేదు. ఆ ఇళ్లకు తాళాలున్నాయి, లేదా ఇల్లంతా వలసపోయింది. ఆ ఏడింటిలో రెండైతే ఏ ఇంటివో ఆయనకే గుర్తు రాలేదు. ఖాళీ నంబర్లు చూడ్డానికి బాగుండవు, వరస మార్చెయ్యమన్నాడు అమరేందర్. ఆమె మార్చలేదు. నంబరు ఉంచి పక్కన తెల్లగా వదిలేసింది.

శుక్రవారం విచారణ జరిగింది. అధికారి జాబితా తిరగేసి, ఈ ఖాళీలేమిటని అడిగాడు. పేర్లు పోయినయి సార్ అన్నాడు రామచంద్రయ్య. పోయినవాళ్ల పేర్లు కూడా పోతే మేమేం చేస్తామయ్యా అని అధికారి విసుక్కుని, పక్కన పెట్టాడు. వెనక వరసలో నిలబడ్డ జాహేదాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆరేడు నెలలకు, మరణమని ఉన్న పేర్లలో పదిహేడింటికి కాగితాలు కదిలాయి. ఇద్దరు మేస్త్రీలను పిలిచి అడిగారు. కబురు లేనివాళ్ల సంగతి కదల్లేదు. ఆ పదిహేడు పక్కన పద్దెనిమిదోవాడిగా భిక్షపతి ఉండేవాడు కదా అన్న ఆలోచన జాహేదాను వదల్లేదు. తను చేసింది దయో, అన్యాయమో ఆమెకు తేలలేదు. యూపీఎస్‌కు అమరేందర్ కొత్త బ్యాటరీ వేయించాడు, ఫ్లాపీలు పెట్టెడు తెచ్చాడు. ఆమె రోజూ మూడు కాపీలు తీసేది. అయినా కరెంటు పోతే చెయ్యి ముందు ఫ్లాపీల పెట్టె మీదికి పోయేది.

మరుసటి ఏడు ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఈదమ్మ అడిగి అడిగి దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. నడిచిన దుమ్ము కాళ్ల నిండా ఉంది. జాహేదా లేచి స్టూలు జరిపి నీళ్లిచ్చింది.

"ముసల్ది పోయింది చెల్లె. పదొద్దులైంది," అంది ఈదమ్మ. "ఇగ రాయి."

అధికారుల గడువు ఎప్పుడో దాటిందని, ఇప్పుడు మార్చినా ఎవరూ తీసుకోరని జాహేదా చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే తన గొంతు తనకే బాగోలేదు. ముందే రాసి ఉండాల్సిందేమో అక్కా, నా తప్పేనేమో అంది.

"నేను రాయద్దంటే నువ్వెట్ల రాస్తవు? ఆఫీసోళ్లకు కాదు. కర్మ చేసేకాడ ముసల్దాని పేరు, గాయిన పేరు రెండూ చదివించిన. నీ కాడ ఇంకో తీర్గ ఎందుకుండాలె," అంది ఈదమ్మ.

జాహేదా కోస్గి ఫైలు తెరిచి, ఆ పేరు దగ్గరికి పోయి, రెండు మాటలు తీసేసి ఒక మాట పెట్టింది. ఆ పేజీ అచ్చు తీసి చేతికిచ్చింది. ఈదమ్మకు చదువు రాదు. ఏడ ఉందని అడిగితే, జాహేదా ఆమె వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టింది. ఈదమ్మ వేలు అక్కడే ఉంచి కొంచెంసేపు కూర్చుంది. తరవాత కాగితాన్ని చిన్నగా మడిచి బొడ్లో దోపుకుని, కోస్గి బస్సు ఎన్నింటికని అడిగింది. జాహేదా దుకాణం చూసుకొమ్మని అమరేందర్‌కు చెప్పి, ఆమెతో పాటు బస్టాండు దాకా నడిచింది.